గుంజాల నుంచి గచ్చిబౌలి దాకా: మన చరిత్రను దాచినవాళ్లు, వెతికినవాళ్లు



నేను గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌ని. మా హాస్టల్ గచ్చిబౌలికి దగ్గరలో ఉంది. రాత్రిపూట మేడ మీదికి ఎక్కితే ఐటీ కంపెనీల అద్దాల మేడలు దీపాలతో కనిపిస్తాయి. మా పిల్లలు డిగ్రీ, బీటెక్, నర్సింగ్ చదువుతున్నారు. గోండు, కోయ, లంబాడ, కోలాం, ఎరుకల పిల్లలు ఒకే వరుసలో కూర్చొని అన్నం తింటారు. ఒకరి పండుగ పేరు ఇంకొకరికి తెలియదు. తమ ఊరి పేరు ఎందుకు వచ్చిందో చాలామందికి తెలియదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఉట్నూరు వైపు నుంచి వచ్చిన బీటెక్ అమ్మాయి తన ఫోన్‌లో వాట్సాప్ బొమ్మ మార్చింది. అందులో ఆమె పేరు ఏదో కొత్త లిపిలో ఉంది. పక్క మంచం అమ్మాయి చూసి, "ఇదేం భాష? బర్మాదా?" అని నవ్వింది. "కాదు, ఇది మా గోండి. గుంజాల లిపి" అంది ఈ అమ్మాయి. "మన భాషలకు లిపి లేదని కదా స్కూల్లో చెప్పిండ్రు?" అని మూడో అమ్మాయి అడిగింది. అందరూ నా వైపు తిరిగారు.

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఎందుకంటే ఆ మాట చెప్పిన టీచర్లలో నేనూ ఉన్నాను. బీఈడీ చేసి బడిలో సాంఘికశాస్త్రం చెప్పిన రోజుల్లో, "గిరిజన భాషలకు లిపి లేదు" అని బోర్డు మీద రాసి, పిల్లల చేత నోట్సులో రాయించాను. గైడులో ఉన్నది చెప్పాను, వెతకలేదు. నేనూ కోయ ఇంటి బిడ్డనే. నా పిల్లలకు నేనే తప్పు చెప్పాను. ఆ తప్పు దిద్దుకునే ప్రయత్నమే ఈ వ్యాసం.

గుంజాలలో ఏం జరిగింది?

గుంజాల ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో ఒక గోండు గ్రామం. అక్కడి ఇళ్లలో తాతల నాటి రాతప్రతులు ఉండేవి. 2006లో అవి బయటి ప్రపంచం దృష్టికి వచ్చాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో పరిశోధకుల బృందం గుంజాలకు వెళ్లింది. దాదాపు డజను రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. వాటిలో పాతవి సుమారు 1750 నాటివని పరిశోధకుల అంచనా. గోండిలో రోజుల పేర్లు, నెలల పేర్లు, పండుగల పేర్లు, చంద్రాపూర్ గోండు రాజుల సంగతులు, పర్ధాన్ల పుట్టుక కథ, చివరికి బర్మాలోని పెగూతో జరిగిన వర్తకం గురించి కూడా వాటిలో ఉందని ఆ బృందం చెప్పింది.

ఒక విషయం గమనించండి. పరిశోధకులు వెళ్లేసరికి ఆ ఊళ్లో ఆ రాత చదవగలిగిన పెద్దలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. వాళ్లు చదివి చెప్పకపోతే అవి ఎవరికీ అర్థం కాని గీతలుగా మిగిలేవి. ఒక పదేళ్లు ఆలస్యమైతే ఏమయ్యేదో ఆలోచించండి.

ఆ పెద్దలు అక్షరం అక్షరం చెప్పారు. ఆచార్యులు రాసుకున్నారు. 2014 మొదట్లో కంప్యూటర్‌లో వాడే తొలి ఫాంట్‌ను విడుదల చేశారు. ఊళ్లలో పిల్లలకు వాచకాలు వచ్చాయి. ఇక్కడితో ఆగితే ఆ లిపి ఒక పుస్తకంలో ఉండేది, మీ ఫోన్‌లో ఉండేది కాదు.

ఫోన్‌లోకి రావాలంటే యూనికోడ్‌లో చోటు కావాలి. ఐటీ చదివే పిల్లలకు ఇది తెలుసు, మిగతావాళ్ల కోసం చెబుతాను. కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. ప్రపంచంలోని ప్రతి లిపిలో ప్రతి అక్షరానికీ ఒక్కో అంకెను కేటాయించే ఉమ్మడి పట్టికే యూనికోడ్. అందులో లేని అక్షరాన్ని ఒక ఫోన్ నుంచి పంపితే ఇంకో ఫోన్‌లో ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. గుంజాల గోండి కోసం అన్షుమన్ పాండే అనే లిపి పరిశోధకుడు ప్రతిపాదన రాశారు. అక్షరాలు, గుణింతాలు, అంకెలు ఎలా కలుస్తాయో ఆధారాలతో చూపించారు. 2018 జూన్‌లో విడుదలైన యూనికోడ్ 11వ కూర్పులో 63 గుర్తులతో గుంజాల గోండి చేరింది. ఆ తర్వాత గూగుల్ వాళ్ల నోటో ఫాంట్లలో కూడా దానికి చోటు దొరికింది. మా అమ్మాయి తన పేరు రాసుకోగలగడానికి వెనుక ఇంత నడక ఉంది.

గోండికి ఇదొక్కటే లిపి కాదు. మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారం 1918లో ఒక లిపిని తయారుచేశారు. దాన్ని మసారం గోండి అంటారు. అది 2017లో యూనికోడ్‌లో చేరింది. కొందరు దేవనాగరిలో రాస్తారు, మనవాళ్లు తెలుగులోనూ రాస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాతృభాష అని చెప్పినవాళ్లు దాదాపు 30 లక్షల మంది. ఏ లిపి వాడాలన్నది వాళ్లు మాట్లాడుకొని తేల్చుకోవాల్సిన సంగతి. "లిపి లేదు" అన్న మాట మాత్రం ఇక ఎవరూ అనకూడదు. ముఖ్యంగా నాలాంటి టీచర్లు.

రాత లేకుండానే దాచినవాళ్లు

గుంజాల కథ విని మా కోయ పిల్లలు కొంచెం చిన్నబోయారు. "మరి మనకు?" అన్నారు. వాళ్లకు నేను చెప్పింది ఇది. రాత ఉన్నచోటే చరిత్ర ఉంటుందనుకోవడం కూడా బడిలో నేర్చుకున్న పొరపాటే.

గోండుల చరిత్రను పర్ధాన్లు మోశారు. కిక్రి అనే తీగ వాద్యం మీద వాయిస్తూ, వంశాల కథలు, దేవతల కథలు రాత్రి నుంచి తెల్లవారేదాకా పాడతారు. తోటీలూ అలాగే. లంబాడ తండాల్లో భాట్లు, ఢాడీలు ఇంటిపేర్లు, వంశవృక్షాలు పాటగా చెబుతారు. మా కోయల్లో ఆ పని డోలోళ్లది. కొలుపు రోజున పడిగె విప్పుతారు. పడిగె అంటే త్రికోణాకారపు గుడ్డ జెండా. దాని మీద ఏనుగులు, గుర్రాలు, పులులు, వేల్పులు, వీరులు బొమ్మలుగా ఉంటారు. డోలి కొడుతూ డోలాయన ఒక్కో బొమ్మనూ చూపించి కథ చెబుతాడు. మన గట్టు ఏది, వేల్పు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఏరు దాటింది, ఏ గుట్ట మీద ఆగింది, అన్నీ అందులోనే. చదువుకున్నవాళ్ల మాటలో చెప్పాలంటే పడిగె మా పటం, మా వంశావళి, మా చరిత్ర పుస్తకం.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బడి చదువు చదవలేదు. వేల్పుల కథలు మాత్రం కంఠతా పాడేవారు. మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లోనే కొన్ని నెలల తేడాతో ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్లకు బిరుదు వచ్చింది కాబట్టి పేపర్లో వేశారు. బిరుదు రాని డోలోళ్లు, పర్ధాన్లు ఎంతమంది అలా వెళ్లిపోతున్నారో పేపర్లో రాదు. ఆ లెక్క మన ఊళ్లకే తెలుసు.

నేర్చుకోవడానికి వచ్చిన పంతుళ్లు

మన చరిత్రను వెతికినవాళ్లలో బయటివాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఇద్దరి గురించి ప్రతి గిరిజన విద్యార్థికీ తెలియాలి.

మొదటివారు గిడుగు రామమూర్తి పంతులు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా మీరు ఆయనను చదువుకున్నారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. మొదట ఆయన ముఖలింగం గుడి గోడల మీది శాసనాలను తనంతట తాను చదవడం నేర్చుకున్నారు. అంటే స్థానిక చరిత్రతో మొదలుపెట్టారు. తర్వాత చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట విని, వాళ్ల దగ్గరే సవర భాష నేర్చుకున్నారు. సవర పాటలు, కథలు సేకరించారు, సవర పిల్లల కోసం బళ్లు పెట్టారు, వాచకాలు రాశారు. 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం వెలువడింది, తర్వాత నిఘంటువు వచ్చింది. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వందేళ్ల కిందటే అన్న పంతులు ఆయన. టీచర్‌గా ఆయన పేరు తలచుకున్నప్పుడల్లా నాకు సిగ్గూ, ధైర్యమూ రెండూ కలుగుతాయి.

రెండోవారు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాద్ సంస్థానంలో ఉండి చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజ్‌గోండుల మీద పుస్తకాలు రాశారు. చెంచుల పుస్తకం 1943లో, గోండుల పుస్తకం 1948లో వచ్చాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆయనను పంపింది. భూములు పోవడం, అటవీశాఖ వేధింపులు, వడ్డీ వ్యాపారుల బాధ, వీటిని ఆయన రాసి చూపించారు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లను తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు పిల్లలకు గోండు పంతుళ్లు. నేను బీఈడీలో చదివిన ఏ పాఠంలోనూ ఈ కేంద్రం పేరు లేదు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఊరివాళ్లు ఏటా అక్కడ ఆమెను స్మరించుకుంటారు.

ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో చూడవచ్చు. ఆయన మంచివాడే, అయినా ఒక మాట చెప్పాలి. మన ముత్తాతల ముఖాలు లండన్‌లో ఉన్నాయి. వాళ్ల పేర్లు చెప్పగలిగినవాళ్లు మార్లవాయి చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. ఆ రెంటినీ కలిపే పని ఫోన్ చేతిలో ఉన్న ఇప్పటి పిల్లలదే.

ఊరి చరిత్ర వెతికే మామూలు మనుషులు

చరిత్ర అంటే ప్రొఫెసర్ల పని అనుకోకండి. హైదరాబాద్‌లో 1920లలో కొందరు చదువరులు కలిసి పరిశోధక సంఘం పెట్టుకున్నారు. 1923లో కొమర్రాజు లక్ష్మణరావు మరణించాక దానికి ఆయన పేరు పెట్టి లక్ష్మణరాయ పరిశోధక మండలి అన్నారు. ఆదిరాజు వీరభద్రరావు వంటివారు ఊరూరూ తిరిగి శాసనాల నకళ్లు తీశారు. 1935లో 'తెలంగాణా శాసనములు' సంపుటం వచ్చింది. తర్వాతి తరంలో బి.ఎన్. శాస్త్రి గారు నల్లగొండ జిల్లా శాసనాలను సేకరించి అచ్చువేశారు, 'మూసీ' పత్రిక నడిపారు. ఇప్పుడు శ్రీరామోజు హరగోపాల్ గారు, ఆయన స్నేహితులు 'కొత్త తెలంగాణ చరిత్ర బృందం' పేరుతో గుట్టలు, చెరువు గట్లు, పాడుబడ్డ గుళ్లు తిరుగుతున్నారు. ఊరి యువకుడు ఎవరో ఒక రాయి ఫొటో పంపుతాడు. బృందంలో లిపి చదవగలిగినవాళ్లు చదువుతారు. మరునాడు పేపర్లో వార్త వస్తుంది. ఇది సెలవు రోజుల్లో, సొంత ఖర్చుతో, ఇష్టంతో చేసే పని.

వీళ్ల పుస్తకాలు తిరగేస్తుంటే నాకొక అనుమానం వచ్చింది. ఇన్ని శాసనాల్లో మన గూడేలు ఎందుకు ఇంత తక్కువగా కనిపిస్తాయి? ఆలోచిస్తే కారణం తోచింది. శాసనం చాలావరకు దానం గురించి. భూమి, చెరువు, గుడి దానం ఇచ్చినవాడు రాయి పాతిస్తాడు. మనవాళ్లు రాజులకు పన్ను కట్టారేమో గాని, రాళ్లు చెక్కించలేదు. కాబట్టి మన చరిత్ర శాసనాల్లో కాకుండా పాటలో, పడిగెలో, గుట్ట పేరులో, ఏటి పేరులో, పాత సమాధి రాయిలో ఉంటుంది. దాన్ని చదివే పద్ధతి వేరు. ఆ పద్ధతి మన ఇంటి మనుషులకే బాగా తెలుసు.

మన కాళ్ల కింద ఉన్నది

ఇప్పుడు మీరు ఉంటున్న చోటు సంగతి చెబుతాను. సైబర్ టవర్స్‌ను 1998లో ప్రారంభించారు. అక్కడి నుంచే ఈ ప్రాంతం చరిత్ర మొదలైనట్టు చాలామంది మాట్లాడతారు. మాదాపూర్, కొండాపూర్, కొత్తగూడ, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం... ఈ పేర్లను ఒకసారి పైకి చదవండి. అన్నీ ఊళ్ల పేర్లే. దుర్గం చెరువు మీద ఇప్పుడు తీగల వంతెన ఉంది, సెల్ఫీలు దిగుతాం. ఆ చెరువు నీళ్లు ఒకప్పుడు గోల్కొండ కోటకు పోయేవి.

ఇంకా వెనక్కి వెళ్దాం. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. ఆ ఆవరణలో పెద్ద రాళ్లతో కట్టిన ఆదిమ సమాధులు ఉన్నాయి. అక్కడే పనిచేసిన ఆచార్య కె.పి. రావు బృందం తవ్వకాలు చేస్తే కుండలు, ఇనుప పనిముట్లు దొరికాయి. వాటిలో కొన్ని దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటివని ఆ బృందం చెప్పింది. ఆ లెక్క మీద పండితుల చర్చ ఎలా ఉన్నా, ఒక్క సంగతి మాత్రం రూఢి. కంప్యూటర్ రాకముందు, కోట కట్టకముందు, ఇదే రాళ్ల మధ్య ఇనుము కరిగించిన మనుషులు బతికారు, తమవాళ్లను శ్రద్ధగా పూడ్చిపెట్టారు. వాళ్లు మన తెగవాళ్లే అని నేను అనను. దానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ ఈ నేల 1998లో పుట్టలేదని చెప్పడానికి ఆధారం ఉంది.

ఈ రాళ్లు కూడా ఉట్టిగా మిగల్లేదు. బ్లాస్టింగ్‌తో గుట్టలు మాయమవుతుంటే 1996లో కొందరు నగరవాసులు 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంఘం పెట్టుకొని, గుట్టల మధ్య నడకలు ఏర్పాటు చేసి, ప్రభుత్వాన్ని అడుగుతూ వచ్చారు. ఎవరో ఒకరు పట్టించుకుంటే తప్ప ఏ గుర్తూ నిలవదు.

మా గూడెంలో పోగొట్టుకున్నది

ఇది చెప్పడం నాకు కష్టం. అయినా మీ మేలు కోరి చెబుతున్నాను.

మా గూడేనికి కొలుపు రోజున వచ్చే డోలాయనను మేం తాత అనే పిలిచేవాళ్లం. బీఈడీ చదివేటప్పుడు ఇంగ్లీషు పాఠాలు వినడానికి నేనొక టేప్ రికార్డర్ కొనుక్కున్నాను. ఆ ఏడాది కొలుపుకు ఇంటికి వెళ్లినప్పుడు అది నా సంచిలోనే ఉంది. తాత రాత్రంతా పాడాడు. కాలేజీ పిల్లనన్న గర్వమో, నలుగురిలో సిగ్గో, నేను దాన్ని బయటికి తీయలేదు. "వచ్చే ఏడాది చూద్దాం" అనుకున్నాను. వచ్చే ఏడాదికి తాత లేడు.

మా పడిగె ఇప్పటికీ ఉంది. గుడ్డ పాతబడినా బొమ్మలు స్పష్టంగానే ఉన్నాయి. కానీ వాటిలో మూడు బొమ్మల కథ మా గట్టులో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్లను అడిగితే, "తాత చెప్పేవాడు బిడ్డా, మాకు గుర్తు లేదు" అంటారు. బొమ్మ ఉంది, కథ పోయింది.

ఇంకో సంగతి కూడా మా పెద్దవాళ్లే చెప్పారు. నా చిన్నతనంలో నగరం నుంచి ఎవరో వచ్చి తాత పాట రెండు రాత్రులు రికార్డు చేసుకొని వెళ్లారట. ఆయన పేరు ఎవరూ రాసుకోలేదు. ఆ క్యాసెట్ ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు. ఒక్క నకలు మా ఊరికి ఇచ్చి ఉంటే ఆ మూడు బొమ్మలు ఇవాళ మాట్లాడేవి. అందుకే చరిత్ర సేకరించడం ఎంత ముఖ్యమో, దాన్ని ఊరికి తిరిగి ఇవ్వడం అంతే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

"ఎవరు చెప్పారు?" అని అడగండి

మా హాస్టల్లో పిల్లలు రోజూ రీల్స్ చూపిస్తుంటారు. "మేడం, మన తెగ ఫలానా రాజవంశమంట!" అంటారు. నేను అడిగేది ఒక్కటే: "ఎవరు చెప్పారు బిడ్డా? ఎక్కడ చూసి చెప్పారు?" గొప్పలు చెప్పే అబద్ధం కూడా అబద్ధమే. రేపు ఎవరైనా దాన్ని పట్టుకుంటే మన నిజాన్ని కూడా నమ్మరు.

కుమ్రం భీము వర్ధంతినే తీసుకోండి. ఆయన అమరుడైంది 1940లో అన్నది అందరూ ఒప్పుకునే మాట. నెల దగ్గరికి వస్తే కొన్ని పుస్తకాల్లో సెప్టెంబరు అని, కొన్నింటిలో అక్టోబరు అని ఉంటుంది. జోడేఘాట్‌లో మనవాళ్లు మాత్రం ఆశ్వయుజ పౌర్ణమి నాడు వర్ధంతి జరుపుతారు. ఏది తప్పు, ఏది ఒప్పు అని వాదించుకునే ముందు ఒక్కో లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ఒకటి కాగితం లెక్క, ఇంకొకటి వెన్నెల లెక్క. కాగితం రాసింది ఎవరు? వెన్నెలను గుర్తుపెట్టుకుంది ఎవరు? రెండూ పక్కపక్కన రాసి, ఏది ఎవరి మాటో చెప్పడమే చరిత్రకారుడి పని. అది మీరూ చేయగలరు.

ఈ సెలవుల్లో మీరు చేయగలిగినవి

ఒకటి: ఊరికి వెళ్లినప్పుడు ఒక పెద్దమనిషి దగ్గర కూర్చోండి. ముందు అనుమతి అడగండి. కొన్ని పాటలు కొలుపులోనే పాడాలి, కొన్ని బయటివాళ్లు వినకూడదు. "ఇది వద్దు బిడ్డా" అంటే ఫోన్ ఆపేయండి.

రెండు: రికార్డు మొదట్లోనే మీ గొంతుతో చెప్పండి. ఈ రోజు తేదీ ఇది, ఊరు ఇది, మండలం ఇది, పాడుతున్నది ఫలానా తాత, రికార్డు చేస్తున్నది నేను. ఈ ఐదు ముక్కలు లేని రికార్డు పదేళ్ల తర్వాత ఎవరిదో తెలియని గొంతు అవుతుంది.

మూడు: ఊరి గుట్టలు, వాగులు, చేల పేర్లు మీ భాషలోనే రాయండి. రికార్డుల్లో పేరు మారి ఉంటే రెండూ రాయండి. పేరు ఎందుకు వచ్చిందో పెద్దలు చెప్పింది చెప్పినట్టు రాయండి, మీ ఊహ కలపకండి.

నాలుగు: పాత రాయి, సమాధి, నాణెం కనిపిస్తే కదపకండి, తవ్వకండి, సున్నం పూయకండి. ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకొని, తెలిసినవాళ్లకు చూపండి.

ఐదు: మూడు చోట్ల నకలు ఉంచండి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఆన్‌లైన్‌లో, ఒకటి ఆ ఊళ్లో. పాడినవాళ్ల ఇంట్లో ఎవరికైనా ఫోన్ ఉంటే మొదటి నకలు వాళ్లకే పంపండి.

ఆరు: పెద్దలు ఒప్పుకున్నవి, ఆధారం ఉన్నవి మాత్రం పదిమందికి పంచండి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. అందులో మన ఊళ్ల పేజీల్లో చాలావాటిలో జనాభా లెక్కలు, బస్సు సౌకర్యాలు తప్ప ఊరి సంగతులు ఉండవు. అచ్చయిన ఆధారం చూపి మీరు రాయవచ్చు. సంతాలీ సోదరులను చూడండి. రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికీ లిపి తయారుచేశారు. అది 2008లో యూనికోడ్‌లో చేరింది. 2018లో సంతాలీ వికీపీడియా మొదలైంది. దాన్ని నడిపేది మీలాంటి యువతీయువకులే.

హైదరాబాద్‌లోనే ఉంటూ ఊరికి వెళ్లలేనివాళ్లు మాసాబ్ ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియానికి ఒక్కసారి వెళ్లండి. అక్కడి గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ 1963 నుంచి ఉంది. మన ఇంట్లో వాడే వస్తువు అక్కడ అద్దాల పెట్టెలో కనిపించినప్పుడు, కింద రాసిన పేరు సరిగా ఉందో లేదో చూడండి. తప్పుంటే మర్యాదగా చెప్పండి. ఆ హక్కు మీకుంది.

చివరగా

మా హాస్టల్లో ఇప్పుడు ఒక పెద్ద నోటుబుక్ పెట్టాం. అట్ట మీద 'మా ఊర్లు' అని రాశాం. సెలవులకు వెళ్లి వచ్చిన ప్రతి అమ్మాయి అందులో ఒక పేజీ రాయాలి. కొందరు నాలుగు పేజీలు రాశారు. కొందరు రెండు వాక్యాలే రాశారు. ఒక అమ్మాయి, "మా అవ్వకు తెలుసు, కానీ నాకు మా భాష సరిగా రాదు, అర్థం కాలేదు" అని మాత్రమే రాసింది. ఆ వాక్యం చదివి నేను చాలాసేపు కూర్చుండిపోయాను. అదీ చరిత్రే. ఈ సెలవులకు ఆమె తన చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకొని మళ్లీ అవ్వను అడుగుతానంది.

మొదటి పేజీ ఉట్నూరు అమ్మాయిది. పైన తన ఊరి పేరు గుంజాల లిపిలో, దాని కింద తెలుగులో రాసింది. పక్కన నా చేతిరాతతో ఒక వాక్యం ఉంది: "గిరిజన భాషలకు లిపి లేదని నేను చెప్పిన పాఠం తప్పు." టీచర్ తన తప్పును నోట్సులో దిద్దుకోవడం పిల్లలు చూడాలని రాశాను.

గుంజాలలో చదవగలిగిన నలుగురు పెద్దలు మిగిలి ఉండగా ఎవరో వెళ్లి అడిగారు. మా గూడెంలో నేను అడగలేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా ఒక్క సాయంత్రం. మీ ఊళ్లో ఇంకా అడగడానికి మనిషి ఉన్నాడు. వచ్చే పండుగకు కాదు, ఈ పండుగకే వెళ్లండి.

జై ఆదివాసీ!